ఆరో గాలం

గాలాలు నిజానికి మూడే. ఆ సంగతి కవయిత్రి ఎలిజబెత్ బిషప్ తర్వాతెప్పుడో తనే చెప్పింది. 1938లో, ఫ్లోరిడా కొసన ఉన్న కీ వెస్ట్ దీవిలో ఆ ముసలి చేపను తనే పట్టిందట. పద్యంలో ఎలా ఉందో అలాగే జరిగిందట. ఒక్క గాలాల లెక్క మాత్రం మార్చిందట, మూడుకు బదులు ఐదు అంటే పద్యం బాగుపడిందట. కవులు కోతలు కోస్తారని లోకం అనుకుంటుంది. ఇంత కొలిచి కోసిన కవిని నేను మరొకరిని చూడలేదు. మొత్తం కల్పన రెండు గాలాల మేర.

ఆ పద్యం పేరు 'ద ఫిష్'. 76 పొట్టి పంక్తులు. 1940లో 'పార్టిజన్ రివ్యూ' పత్రికలో అచ్చయింది, 1946లో ఆమె మొదటి సంపుటి 'నార్త్ అండ్ సౌత్'లో చేరింది. కథ చెప్పాలంటే ఒక వాక్యం చాలు: ఒకామె అద్దె పడవలో వెళ్లి పెద్ద చేపను పట్టుకుంది, దాన్ని చాలాసేపు చూసింది, వదిలేసింది. ఇంగ్లిష్ పాఠ్యసంకలనాల్లో ఎన్నిసార్లు అచ్చయిందంటే చివరికి బిషప్‌కే విసుగు పుట్టింది. పాఠం చెప్పేవాళ్లు దీన్ని జాలి కథగా చెబుతారు. పండు ముసలిది, పాపం ఎన్నో దెబ్బలు తిన్నది, అందుకని వదిలేసింది అంటారు. నా పేచీ ఈ 'పాపం' దగ్గరే. పద్యమంతా గాలించినా ఆ చేప మీద జాలి కనిపించదు. ఆమె చేత చేపను వదిలించింది వేరే రసం.

గాలపు వేటకు పోట్లాటే ప్రాణం. ఎంతసేపు లాగింది, ఎంత దారం తీసుకుపోయింది, ఎన్నిసార్లు నీళ్లమీదకి ఎగిరింది అన్నవే సాయంత్రం పూట వేటగాళ్లు చెప్పుకొనే కథలు. చేపను ఇంటికి తెచ్చుకునే హక్కు కూడా వాళ్ల లెక్కలో ఆ పోట్లాట నుంచే వస్తుంది. బిషప్ చేప అసలు పోట్లాడదు. పడవ పక్కన సగం నీళ్లలో, సగం గాలిలో బరువుగా వేలాడుతూ ఉంటుంది. గెలిచానని చెప్పుకునే అవకాశమే ఆమెకు ఇవ్వదు. కోపం పుట్టాల్సిన చోట పుట్టలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

పోట్లాట లేదు గనక మిగిలింది చూడటమే. మొదట చర్మం. పాత ఇళ్లలో గోడలకు అంటించే పూల కాగితం తేమకు ఉబ్బి చీలికలు చీలికలుగా ఊడి వేలాడటం ఆమెకు ఆ చర్మంలో కనిపించింది. కాగితం మీద గులాబీలు కూడా ఉన్నాయి, పూర్తిగా విచ్చుకుని, పాతబడి, మరకలుగా మారినవి. సముద్రం మధ్యలో, ఒక చేప ఒంటి మీద ఒక ఇంటి గోడ! బిషప్ పుట్టిన ఎనిమిది నెలలకే తండ్రి పోయాడు. ఐదేళ్ల వయసులో తల్లి మతి చలించి ఆసుపత్రి పాలైంది. ఆ తర్వాత నోవా స్కోషియాలో ఒక తాత ఇల్లు, మసాచుసెట్స్‌లో ఇంకో తాత ఇల్లు, తల్లి తోబుట్టువుల ఇల్లు. ఎవరెవరి గోడలనో చూస్తూ పెరిగిన పిల్లకు వెలిసిన గోడకాగితం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

చర్మం మీద, పడవల అడుగున పట్టేవాటిలాంటి సున్నపు గుల్లలు. తెల్లగా సన్నటి సముద్రపు పేలు. కిందికి జారిన పచ్చటి నాచు పీలికలు. ఇక్కడ ఆమె చేసిన పని చూడండి. గుల్లలను పువ్వుల్లా చూసింది గాని పేలను పేలుగానే వదిలేసింది. దేన్ని ముట్టుకున్నా బంగారం చేసే రకం కవి అయితే పేలను కూడా ముత్యాలు చేసి ఊరుకునేది. నాకు బిషప్ మీద గురి కుదిరింది ఈ పేల దగ్గరే.

ఆ వెంటనే మొప్పలు. నెత్తుటితో నిగనిగలాడుతూ, చెయ్యి తగిలితే కోసేసేంత పదునుగా ఉన్న మొప్పలను చూసి ఆమెకు భయం వేసింది. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసాలను జంటలుగా చెప్పాడు: శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం. బిషప్‌కు భరతుడితో పని లేదు. కానీ పేల వెంట మొప్పలు రావడం, అసహ్యం వెంట భయం రావడం, అచ్చం ఆయన కట్టిన నాలుగో జంటే. రెండు వేల ఏళ్ల కిందటి లెక్క ఫ్లోరిడాలో ఒక అద్దె పడవలో సరిపోయిందంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాతి అడుగు ఇంకా వింతది. ఆమె చేపను కత్తి పెట్టకుండా కోసింది. చర్మం కింద ఈకల్లా సర్దిన తెల్లటి ముతక కండ, పెద్ద ముళ్లు, చిన్న ముళ్లు, పేగుల ఎరుపూ నలుపూ, గులాబి రంగు గాలితిత్తి. ఆ తిత్తిని పెద్ద పియోనీ పువ్వుతో పోల్చింది. చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చున్న మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియని ఇంటి గుట్టు ఇది. అదంతా ఆమె ఊహలోనే చూసేసింది. చంపితే గాని కనిపించనివన్నీ చంపకుండానే చూసినప్పుడు, చంపాలన్న కుతూహలానికి ఇక మిగిలేదేముంది?

ఇది ఉత్త అలంకారపు ప్రశ్న కాదు. చేప వయసు కచ్చితంగా చెప్పాలంటే శాస్త్రవేత్తలు మామూలుగా దాని తల కోసి, లోపలి చెవిరాయిని తీసి, పలచగా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద వలయాలు లెక్కపెడతారు. చేప ఎంత ముసలిదో తెలిసేసరికి అది ఉండదు. అలాస్కా లోతునీళ్లలో ఉండే రఫ్ఐ రాక్‌ఫిష్ అనే ఎర్రచేప రెండు వందల ఏళ్లు దాటి బతుకుతుందని తెలిసింది కూడా అలా తీసిన రాళ్ల వల్లే. బిషప్ తన చేప వయసు లెక్కపెట్టిన చోటు వేరు. కింది పెదవి.

ఆ పెదవి దగ్గరికి వచ్చేముందు కళ్లున్నాయి. ఆమె కళ్లకన్నా పెద్దవి, లోతు తక్కువవి, పసుపు పట్టినవి. మసకబారిన తగరపు రేకును గీతలు పడ్డ అభ్రకపు పలక వెనక పెట్టినట్టున్నాయి. అభ్రకపు గనులకు పేరున్న గూడూరు వైపు వాళ్లకు ఆ పలక మెరుపు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఆ కళ్లు కాస్త కదిలాయి. ఆమె వంక చూడటానికి మాత్రం కాదు. వెలుగు కోసం ఒక వస్తువు ఒరిగినట్టు ఒరిగాయంతే.

మన దగ్గర చేపను వదిలే కథ ఒకటుంది. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న సత్యవ్రతుడనే రాజు దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చింది. దాన్ని కమండలంలో వేస్తే కమండలం చాల్లేదు, మడుగులో వేస్తే మడుగు చాల్లేదు, చివరికి సముద్రంలో వదిలాడు. ఆ చేప మాట్లాడింది. కాపాడమని అడిగింది, రాజును మెచ్చుకుంది, రాబోయే ప్రళయం కబురు చెప్పింది, పడవను లాక్కుపోయింది. వదిలినందుకు మనిషికి దక్కాల్సింది దక్కింది. బిషప్ చేప ఏమీ అడగదు, ఏమీ ఇవ్వదు, కనీసం ఆమె ఉందని కూడా గుర్తించదు. పాఠకుడిగా నాకు ఆ కాసింత చూపు కావాలనిపిస్తుంది. ఆ చూపు దొరికి ఉంటే కథ స్నేహంగానో క్షమాపణగానో మారిపోయేది. దొరకలేదు గనకే ఆమె దృష్టి ముఖాన్ని దాటి కిందికి, దవడ పనితనం మీదికి, ఆ పెదవి మీదికి జారింది.

ఇక్కడ పద్యం ఊపిరి మారుతుంది. పెదవికి ఐదు దారాలు వేలాడుతున్నాయంటుంది. అని, వెంటనే దిద్దుకుంటుంది: కాదు, నాలుగు దారాలూ ఒక తీగా, ఆ తీగకు తిరుగుడు కొక్కెం ఇంకా ఉంది. మూడును ఐదు చేసిన మనిషే దారానికీ తీగకూ తేడా చెప్పకుండా ముందుకు కదలలేకపోతోంది! ఒకటి పచ్చదారం, చేప తెంపుకున్న చోట కొస పీచులు లేచింది. రెండు ఇంకాస్త లావువి. ఇంకొకటి సన్నటి నల్లదారం. ఈ నల్లదారం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తెగినప్పుడు పడ్డ మెలిక దానికి ఇంకా పోలేదు. ఎప్పుడో, ఏ సంవత్సరమో, ఎవరో వెనక్కి గుంజారు, చేప ముందుకు గుంజింది, దారం ఫట్టుమంది. మనిషి ఒడ్డుకు పోయి, తప్పించుకున్న చేప గురించి చెప్పుకుని, మర్చిపోయి ఉంటాడు. ఆ గుంజుడు మాత్రం ఆ మెలికలో అలాగే ఉంది. ఐదు గాలాల చుట్టూ కండ పెరిగిపోయింది. అవి ఇప్పుడు దాని ఒంట్లో భాగాలు.

బిషప్ ఆ దారాలను సైనికుడి పతకాలతో పోల్చింది, తర్వాత జ్ఞానవృద్ధుడి గడ్డంతో. గడ్డం నాకు కాస్త ఎక్కువనిపిస్తుంది, పతకాలు చాలు. ఎందుకంటే తిరగేసిన సంగతంతా ఆ పతకాల్లోనే ఉంది. ట్రోఫీ అంటే గెలిచినవాడు ఓడినవాడి దగ్గర్నుంచి తెచ్చుకునే గుర్తు. ఇక్కడ ఐదుగురు మనుషుల సామాను చేప మూతికి వేలాడుతోంది. చేప ట్రోఫీ కాదు, ట్రోఫీలు దాచుకున్నది చేప.

అదే కీ వెస్ట్ రేవులో, అద్దె పడవలు దిగే చోట, పట్టిన చేపలను పలకకు వేలాడదీసి మనుషులు పక్కన నిలబడి ఫొటో తీయించుకోవడం ఆనవాయితీ. లోరెన్ మెక్‌క్లెనకన్ అనే పరిశోధకురాలు 1956 నుంచి 2007 దాకా అలా తీసిన ఫొటోలను వరసగా పేర్చి, అందులోని చేపలను కొలిచి, 2009లో 'కన్సర్వేషన్ బయాలజీ' పత్రికలో ఆ లెక్క ప్రచురించింది. ట్రోఫీ చేప సగటు బరువు 19.9 కిలోల నుంచి 2.3 కిలోలకు పడిపోయింది. తొలి ఫొటోల్లో మనిషిని మించిన గ్రూపర్లు, సొరచేపలు. చివరి ఫొటోల్లో చిన్న చిన్న స్నాపర్లు. నాకు ఆ ఫొటోలూ ఈ పద్యమూ ఒకే గోడకు పక్కపక్కన తగిలించాలని ఉంటుంది. ఒక దాంట్లో మనుషులు చేపను వేలాడదీశారు, ఇంకో దాంట్లో చేప మనుషులను వేలాడదీసింది.

ఆ గాలాలు కనిపించాక వీరం వచ్చేసింది. అది చేప వీరం. భరతుడి లెక్కలో వీరం వెంట రావాల్సింది అద్భుతం. వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. ఆకాశం నుంచి కాదు. పడవ అడుగున మురికినీళ్లు చేరాయి, తుప్పుపట్టిన ఇంజిన్ చుట్టూ కారిన నూనె ఆ నీటిమీద రంగులుగా పరుచుకుంది. ఆ రంగులు నీళ్లు తోడే డబ్బా తుప్పుకు పాకాయి, ఎండకు పగిలిన బల్లచెక్కలకు, తెడ్లు ఆనించే కొక్కేలకు, పడవ అంచులకు పాకాయి. చివరికి ఆమె కంటికి ఇంద్రధనుస్సు తప్ప ఏమీ మిగల్లేదు. పడవలో గెలుపు నిండిందంటుంది, ఎవరి గెలుపో చెప్పదు. పాశ్చాత్య పాఠకులకు ఇక్కడ నోవహు ఓడ మీద వెలిసిన ధనుస్సు గుర్తొస్తుంది. నాకు సత్యవ్రతుడి పడవ గుర్తొస్తుంది. రెండూ ప్రళయపు కథలే, రెండింట్లోనూ పడవ ఉంది. కానీ ఇంజిన్ నూనెలోంచి పుట్టిన అద్భుతం బిషప్ ఒక్కదానిదే.

చివరి పంక్తిలో చేపను వదిలేస్తుంది. 'అందుకని' అన్న మాట లేదు.

మొదట్లో పుట్టని కోపం సంగతి ఇప్పుడు చూద్దాం. రౌద్రం లేనిచోట దాని వెంట రావాల్సిన కరుణ కూడా లేదు. జాలి వల్ల చేపలు బతుకుతాయన్న నమ్మకమూ నాకు లేదు. అదే కీ వెస్ట్‌లో చాలా ఏళ్లు కాపురమున్న హెమింగ్వే 1952లో 'ది ఓల్డ్ మాన్ అండ్ ద సీ' అచ్చు వేయించాడు. అందులో సాంటియాగో ముసలాయన గాలానికి చిక్కిన మార్లిన్ మీద జాలి పడతాడు, దాన్ని ప్రేమిస్తాడు, తమ్ముడంటాడు, చంపుతాడు. కరుణ అంతా ఉంది, చంపడానికి అది అడ్డం రాలేదు. బిషప్ ఇంకో పన్నెండేళ్ల ముందే ఈ తేడా పసిగట్టినట్టుంది. 1940 జనవరిలో తన పెద్దదిక్కు, కవయిత్రి మారియన్ మూర్‌కు ఈ పద్యం పంపుతూ, ఇది రాబర్ట్ ఫ్రాస్ట్‌లా కాకపోతే హెమింగ్వేలా ఉందేమోనని భయపడింది. అలా కాకూడదనే ఆ చివరి పంక్తిని ఉంచానని రాసింది. అంటే ఆ వదలడం నీతి కోసం చేసిన ఏర్పాటు కాదు. శైలి కోసం చేసింది. నీతికథలు రాసేవాళ్లకు ఈ సంగతి రుచించకపోవచ్చు. నాకు మాత్రం ఇదే నిజాయితీగా తోస్తుంది.

ఇవాళైతే పెద్ద ముసలి చేపను వదలడానికి కారణాలు బోలెడు. 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన 342 సముద్రజాతులను కొలిచి, పెద్ద తల్లిచేప తన బరువు నిష్పత్తిని మించి గుడ్లు పెడుతుందని తేల్చింది. 30 కిలోల కాడ్ చేప ఒక్కటి, రెండేసి కిలోల కాడ్‌లు 28 కలిసి పెట్టేవాటికన్నా ఎక్కువ గుడ్లు పెడుతుంది. బిషప్ పట్టిన చేప, జీవితచరిత్రకారులు చెప్పినదాన్ని బట్టి, ఇప్పుడు గోలియత్ గ్రూపర్ అని పిలుస్తున్న జాతిది. 1990లో అమెరికా దాని వేటను నిషేధించాల్సి వచ్చింది. ఫ్లోరిడాలో 2023 నుంచి మళ్లీ అనుమతి ఇచ్చారు, అదీ చిన్న సైజువి, లాటరీ పద్ధతిలో కొద్దిమందికి మాత్రమే. ఈ లెక్కలన్నీ నాకు సమ్మతమే, చట్టాలు వీటిమీదే నిలవాలి. కానీ లెక్క మారితే మనసు మారుతుంది. ముసలి చేప గుడ్లు మానేసిందని రేపు తేలితే దాన్ని తినొచ్చన్నమాటేనా? బిషప్ చేప వల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు. దాన్ని వదలడానికి కారణం చెప్పకపోవడమే ఆ వదలడానికి బలం.

ఇంత మెచ్చుకున్నాక ఒక ముల్లు గొంతులో మిగిలింది. ఈ చూపు ఉచితంగా రాలేదు. 76 పంక్తుల సేపూ చేప సగం నీళ్ల బయటే ఉంది. దాని మొప్పలకు గాలి ఎంత భయంకరమో బిషపే చెప్పింది, చెప్పి, చూస్తూనే ఉంది. మనం రసాస్వాదన అంటున్న ప్రతి పంక్తికీ మూల్యం ఆ చేప ఊపిరి. లోతునీళ్ల రాక్‌ఫిష్‌దైతే ఇంకో బాధ. ఆమె పియోనీ పువ్వన్న ఆ గాలితిత్తే, వందల మీటర్ల లోతు నుంచి లాగేసరికి ఉబ్బి, కళ్లు బయటికి నెట్టి, పొట్టను నోట్లోకి తోసేస్తుంది. వదిలినా చేప మునగలేక నీటి మీదే తేలుతుంది. బరువు కట్టి మళ్లీ లోతుకు దించితే తప్ప అక్కడ 'వదిలేశాను' అన్న మాటకు అర్థమే లేదు. బిషప్ చేపకు ఆ ఆపద రాలేదు. అది పడవ పక్కన వేలాడుతూ, కళ్లు కదుపుతూ, బతికే ఉంది.

ఇంకొకటి. పద్యం మొదటి నాలుగు పంక్తుల్లోనే బిషప్ గాలం చేప మూతి మూలన బలంగా దిగి ఉంది. ఆ తర్వాత ఐదు పాత గాలాల గురించి అంత వివరంగా చెప్పిన మనిషి తన గాలం ఊసే ఎత్తలేదు. వదిలేసేటప్పుడు దాన్ని తీసిందా, లేక దారం కోసి ఆరో పతకంగా ఉంచేసిందా? వేటగాళ్ల లెక్కలో చేప గాలాన్ని లోపలికి మింగేస్తే దారం కోయడమే మేలు. మూతి మూలన దిగిందైతే సులువుగా వచ్చేస్తుంది, తీయకపోవడానికి సాకు లేదు. పాత ఐదుగురి దారాలనూ చేపే తెంపుకుంది. ఈమెది తెంపడానికి ప్రయత్నం కూడా చేయలేదు. కాబట్టి ఆ గాలం అక్కడే ఉండిపోతే పతకం కాదు, ఉత్త గాయం. ఆమె తీసే ఉంటుందని నా అనుమానం. దానికి నా దగ్గరున్న ఆధారం ఆ నల్లదారం ఒక్కటే: సన్నటి దారానికి పడ్డ మెలిక నిలబడిన ఎత్తు నుంచి కనిపించదు, పడవ అంచు మీద వంగి ఆ మూతి దగ్గర చెయ్యి పెట్టినవాళ్లకే కనిపిస్తుంది.